అప్‌డేట్: హెచ్‌1బీ వీసాతో టెక్సస్‌లో వేట

హెచ్‌1బీ (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నవాడు టెక్సస్‌లో వేటకు వెళ్లొచ్చా అని ఆగస్టులో అడిగాను కదా. వెళ్లొచ్చు, వెళ్లాను కూడా.

నేను ముందు తుపాకీ కొని, తర్వాత లైసెన్స్ సంగతి చూద్దామనుకున్నాను. అప్పుడు జవాబిచ్చి నన్ను ఆపిన అన్నకు దండం. మనలాంటి వీసాల వాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటేనే మినహాయింపు. ఆ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, కాబట్టి ఆ తేదీ గుర్తుంచుకోండి.

1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ కోర్సు) తప్పనిసరి. ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను, టెన్షన్ ఏమీ లేదు. గువ్వల వేటకు వలస పక్షుల ఎండార్స్‌మెంట్ (లైసెన్స్‌కు జోడించే అదనపు అనుమతి) విడిగా కొనాలని కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు. రెండోసారి తిరగాల్సి వచ్చింది.

తెల్లతోక జింకకు సీజన్ ఉంది, కొట్టగానే లైసెన్స్‌తో వచ్చిన ట్యాగ్ కట్టాలి. ఇక్కడ యాక్సిస్ డీర్ అనేది మన చుక్కల దుప్పే! ఇండియాలో ముట్టుకుంటే జైలు. ఇక్కడ బయటి జంతువు లెక్క, లైసెన్స్ ఉంటే ఏడాదంతా కొట్టొచ్చు. ఎదురుగా వచ్చి నిలబడింది గానీ నాకు చెయ్యి రాలేదు.