తెల్లవారుజాము ముహూర్తం, మిర్రర్‌లెస్‌లో ఫోకస్ జారిపోతోంది. బాడీ మార్చాలా?

అనంత ఫోకస్ (అనంతపురం):

అందరికీ నమస్కారం. టవర్ క్లాక్ దగ్గర నాకు చిన్న స్టూడియో ఉంది. పదకొండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. అందులో తొమ్మిదేళ్లు డీఎస్ఎల్ఆర్‌తోనే (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా). రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (అద్దం లేని) బాడీ, దానికి ఎఫ్ 2.8 దాకా తెరుచుకునే 28-75 ఎంఎం జూమ్ లెన్స్ కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, తప్పు కెమెరాదో నాదో ఇంకా తేలలేదు కాబట్టి. స్పెక్‌లో మాత్రం మైనస్ 3 ఈవీ (వెలుగును కొలిచే అంకె, తగ్గేకొద్దీ చీకటి) వెలుగు దాకా ఫోకస్ చేస్తుందని ఉంది.

పగటిపూట దీనికి వంక పెట్టలేను. పెళ్లికూతురు తల తిప్పినా, నవ్వినా, జనంలో నడిచినా కన్ను మీది నుంచి బాక్స్ కదలదు. డీఎస్ఎల్ఆర్ రోజుల్లో ఇది కల.

కష్టమంతా తెల్లవారుజాము ముహూర్తాలతోనే. పోయిన నెల తాడిపత్రి రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి, 4 గంటల 12 నిమిషాలకు ముహూర్తం. అడ్డుతెర దించారు, భజంత్రీలు అందుకున్నారు, బంధువులంతా మండపం మీదికి ఎక్కేశారు. పెళ్లికూతురి అవ్వ, ఎనభై దాటిన మనిషి, మనవరాలి చెయ్యి తన చేతిలోకి తీసుకుని జీలకర్ర బెల్లం పెట్టించింది. నేను వరసగా 14 ఫ్రేములు కొట్టాను. లెన్స్ ముందుకూ వెనక్కూ తడుముకుంటూనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే 9 ఫోకస్ అవుట్. మండపం వెనక బంతిపూల దండలో రేకులు లెక్కపెట్టొచ్చు, అమ్మాయి కనురెప్పలు మాత్రం మసక. బాగున్న అయిదింటిలో అవ్వ చెయ్యి లేదు.

మూడు రోజుల తర్వాత ఆ అవ్వ స్టూడియోకు వచ్చి, "నా చెయ్యి కూడా పడిన పొటో పెద్దది చేసియ్యి నాయనా" అని అడిగింది. 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ మీద అది నిలబడదు. ఆమెకు ఏం చెప్పానో ఇక్కడ రాయలేను. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

నా సెట్టింగ్స్: ఫ్లాష్ సీలింగ్‌కు బౌన్స్, 1/125, ఎఫ్ 8, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సార్ చురుకు) 800, ఏఎఫ్-సీ (ఆగకుండా ఫోకస్ సరిచేసుకునేది), ఐ ఏఎఫ్ (కన్నును వెతికి పట్టేది) ఆన్. ఎఫ్ 8 డీఎస్ఎల్ఆర్ నాటి అలవాటు, అమ్మాయీ అబ్బాయీ పురోహితుడూ ముగ్గురూ షార్ప్‌గా రావాలని. ఇంకో సంగతి. ముందురోజు సాయంత్రం అదే హాల్లో రిసెప్షన్‌ను ఫ్లాష్ లేకుండా 1/125, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200లో తీశాను. ఒక్కటీ పోలేదు. పాత కెమెరా మీద ఫ్లాష్ నుంచి ఎర్రటి గీతల కాంతి పడి ఫోకస్‌కు సాయం చేసేది, ఇప్పుడు అదీ రావడం లేదు.

మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి. అప్పు చేసైనా కొత్త బాడీ తీసుకోవాలా? లెన్స్ మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

*

నంద్యాల క్లిక్స్:

బాడీ మార్చెయ్ అన్నా. నా దగ్గర కెనాన్ ఆర్6 ఉంది. మైనస్ 6.5 ఈవీ దాకా ఫోకస్ పట్టుకుంటుంది. కొన్నాక టెన్షన్ లేదు.

*

పాత రీలు (కడప):

తమ్ముడూ, అప్పు చేయొద్దు. కొంచెం ఓపిగ్గా చదువు.

నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. సాయంత్రం ఎఫ్ 2.8లో ఒక్కటీ పోలేదన్నావు. తెల్లవారుజామున ఎఫ్ 8లో పోయాయన్నావు. అదే హాలు, అదే బాడీ, అదే లెన్స్. మధ్యలో మారినవాటిలో పెద్దది ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే సందు. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది.

డీఎస్ఎల్ఆర్‌లో నువ్వు ఎఫ్ 8 పెట్టినా ఎఫ్ 16 పెట్టినా, ఫోకస్ చేసేటప్పుడు లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. బటన్ నొక్కిన క్షణంలో మాత్రమే బ్లేడ్లు మూసుకుంటాయి. చాలా మిర్రర్‌లెస్ బాడీలు అలా చేయవు. ఫోకస్ చేసేది సెన్సారే కాబట్టి, నువ్వు పెట్టిన ఎపర్చర్‌కు బ్లేడ్లు మూసి, ఆ సందులోంచే చూసి ఫోకస్ వెతుకుతాయి. నికాన్ జడ్ బాడీలు ఎఫ్ 5.6 దాకా మూసి అక్కడ ఆగుతాయి, అంతకంటే చిన్న ఎపర్చర్‌కు ఫోటో తీసేటప్పుడే మూస్తాయి. కొన్ని బాడీలు ఎఫ్ 8 అంటే ఎఫ్ 8కే మూసి చూస్తాయి. ఎఫ్ 2.8కూ ఎఫ్ 8కూ తేడా మూడు స్టాపులు, ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది. అంటే సెన్సార్‌కు అందేది ఎనిమిదో వంతు వెలుగు. పైగా ఫేజ్ డిటెక్షన్ (ఈ కెమెరాలు ఫోకస్ వెతికే పద్ధతి) పని చేసేది లెన్స్ రెండు అంచుల నుంచి వచ్చే కిరణాలను పోల్చి చూసి. సందు చిన్నదైతే ఆ రెండు చూపుల మధ్య ఎడం కూడా తగ్గిపోతుంది.

నా మాట నమ్మక్కర్లేదు, నువ్వే చూడు. కెమెరాను స్టాండ్ మీద పెట్టు, ఎఫ్ 8 పెట్టి సగం నొక్కి పట్టుకో. ఇంకొకరిని లెన్స్ ముందు నిలబెట్టి ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడమను. బ్లేడ్లు మూసుకుని చిన్న రంధ్రం కనిపిస్తే నేను చెప్పిందే.

ఇక ఈవీ లెక్క. ఆర్6 వాడే తమ్ముడు చెప్పిన మైనస్ 6.5 నిజమే, కానీ ఆ అంకె ఎఫ్ 1.2 లెన్స్‌తో, సెంటర్ పాయింట్‌తో. సోనీ ఏ7 4కు రాసిన మైనస్ 4 అంకె ఎఫ్ 2 దగ్గరిది. ఎఫ్ 1.2కూ ఎఫ్ 2కూ మధ్యే ఒకటిన్నర స్టాపు ఉంది. లెన్స్ చూడకుండా ఆ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. నీ బాడీకి రాసిన మైనస్ 3 కూడా ఎఫ్ 2 దగ్గరిదే అనుకో. ఎఫ్ 8 అంటే ఇంకో నాలుగు స్టాపులు కింద. మైనస్ 3 కాస్తా ప్లస్ 1 దగ్గరికి వచ్చేసింది.

నీ రిసెప్షన్ సెట్టింగ్స్ నుంచి లెక్కేస్తే ఆ హాలు వెలుగు 5 ఈవీ. పున్నమి వెన్నెల మైనస్ 3 దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి ఆ హాలును చీకటి అనలేం. కానీ ముహూర్తానికి బంధువులంతా మండపం ఎక్కి లైట్లకు అడ్డం నిలబడతారు. తల వంచిన ముఖం మీద 2, 3 మిగిలితే గొప్ప. దానికి తోడు ధూపం పొగ, కనుబొమల మీద బాసికం, వెనక మెరిసే ఎల్ఈడీ తోరణాలు. నీ కెమెరాకు మిగిలిన వెసులుబాటు ఒకటి రెండు స్టాపులే. అది అమ్మాయి కన్ను వదిలేసి, వెలుగులో స్పష్టంగా కనిపిస్తున్న బంతిపూలను పట్టుకుంది.

చేయాల్సింది ఇదీ. ఎఫ్ 4కు రా, ఐఎస్ఓ 1600 పెట్టు, ఫ్లాష్ పవర్ దానికి తగ్గట్టు దించు. 1600కు నాయిస్ (ఫోటోలో గరుకు చుక్కలు) వస్తుందని భయపడకు, ప్రింట్‌లో కనిపించదు. ఎర్ర కాంతి గురించి అడిగావు కదా, అది డీఎస్ఎల్ఆర్‌లోని విడి ఫోకస్ సెన్సార్ కోసం చేసిన ఏర్పాటు. సెన్సార్ మీదే ఫోకస్ చేసే చాలా బాడీలు దాన్ని వెలిగించవు. దాని బదులు వీడియో అబ్బాయిని అడిగి ఎల్ఈడీ ప్యానెల్‌ను తక్కువ పవర్‌లో పక్క నుంచి ముహూర్తం అయ్యేదాకా వేయించుకో. ముందే మాట్లాడి పెట్టుకోవాలి, ఆ నిమిషంలో అడిగితే ఎవరూ వినరు.

*

దివిటీ (కర్నూలు):

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నా అనుభవం కూడా ఒకటి రాస్తాను.

విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం తీయడానికి మూడేళ్లు వరసగా వెళ్లాను. అర్ధరాత్రి, కొండ కింద వేల మంది, చేతుల్లో ఇనుప చుట్లు వేసిన కర్రలు, మధ్యమధ్య దివిటీలు. ముఖం మీద వెలుగు ఒక క్షణం ఉంటుంది, మరుక్షణం ఉండదు. మొదటి ఏడు ఎఫ్ 4 జూమ్ తీసుకెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. రెండో ఏడు 35 ఎఫ్ 1.8 తీసుకెళ్లాను. బాడీ అదే. ఆ రెండు స్టాపుల పైచిలుకు వెలుగుతో కెమెరా మారిపోయినట్టు అనిపించింది.

అక్కడ ఐ ఏఎఫ్ నన్ను ముంచింది. వంద ముఖాలుంటే ఏ ముఖం కావాలో దానికేం తెలుసు? దాన్ని ఆపేసి చిన్న పాయింట్ ఒకటి పెట్టుకుని, వెలుగూ చీకటీ కలిసే అంచు మీద వేశాను. తలపాగా అంచు, దివిటీ కర్ర, మెడ పక్క గీత, ఏదైనా సరే. మంట మీద వేయకూడదు, చెంప మధ్యలో వేసినా లాభం లేదు. మీ మండపంలోనూ అంతే అన్నా. బాసికం అంచు నుదుటి మీద ఎంత స్పష్టంగా ఉంటుందో చూడండి. కంటికీ దానికీ దూరం ఎంతని?

*

రంగుతెర (అనంతపురం):

నేను ఫోటోగ్రాఫర్‌ను కాదు, టీచర్‌ను. సెలవుల్లో ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు వెళ్లి తోలుబొమ్మల ఫోటోలు తీసుకుంటూ ఉంటాను. నా దగ్గరున్నది చిన్న ఏపీఎస్-సీ బాడీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్), ఎఫ్ 1.4 లెన్స్.

బొమ్మలాట జరిగేటప్పుడు గదంతా కటిక చీకటి. వెలుగు తెర వెనక మాత్రమే. అయినా నా కెమెరా తెర మీద హనుమంతుణ్ణి ఒక్క దెబ్బకు పట్టేస్తుంది. తోలు మీద ఉలితో కొట్టిన చుక్కల్లోంచి వెలుగు సూదుల్లా బయటికొస్తుంది, చుట్టూ నల్ల గీత. ఫోకస్‌కు అంతకంటే ఏం కావాలి? అదే తెర ఇవతల కూర్చుని చూస్తున్న పిల్లల ముఖాలకు తిప్పితే తడుముకుంటుంది. పైన దివిటీ గారు అంచు గురించి రాసింది నాకు అలాగే అర్థమైంది.

ఇంకో సంగతి నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. సెన్సార్ మీద ఫేజ్ డిటెక్షన్ చాలా బాడీల్లో నిలువు గీతలను బాగా పట్టుకుంటుంది, అడ్డ గీతలను పట్టుకోలేదు. ఒకసారి మగ్గం మీద అడ్డ చారల ధర్మవరం చీర తీస్తుంటే లెన్స్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. విసుగొచ్చి కెమెరాను పక్కకు వంచాను, టక్కున ఆగింది. అప్పటి నుంచి ఫోకస్ పట్టకపోతే ముందు కెమెరాను కాస్త వంచి, పట్టుకున్నాక మళ్లీ నిటారుగా చేస్తాను.

*

అనంత ఫోకస్:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి మా ఆవిడను లెన్స్ ముందు టార్చ్‌తో కూర్చోబెట్టాను. ఎఫ్ 8లో సగం నొక్కగానే "మినపగింజంత రంధ్రమే ఉంది" అంది. ఎఫ్ 2.8 పెడితే పెద్ద గుండ్రంగా తెరుచుకుందట. తొమ్మిదేళ్ల అలవాటు నన్ను ఇంత దెబ్బ కొడుతుందని అనుకోలేదు.

ఒక్క అనుమానం అన్నా. ఎఫ్ 4కు వస్తే వెనకున్న పురోహితుడు పోతాడు కదా?

*

పాత రీలు (కడప):

పోడు తమ్ముడూ. నువ్వు 35 దగ్గర పెట్టి రెండున్నర మీటర్ల దూరంలో నిలబడితే, ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ 4కు 2 మీటర్ల నుంచి 3.3 మీటర్ల దాకా షార్ప్‌గా వస్తుంది. పీటల మీద ఇద్దరూ, వాళ్ల పక్కన చేతులు చాపినవాళ్లూ అందులోకి వచ్చేస్తారు. 75కు జూమ్ చేస్తే మాత్రం ఈ లెక్క చెల్లదు, చాలా తగ్గిపోతుంది. ముహూర్తానికి జూమ్ మానేసి ఒక అడుగు ముందుకెయ్యి.

ఫ్లాష్ వాడేటప్పుడు ఎక్స్‌పోజర్ ప్రివ్యూ (ఫోటో ఎంత వెలుగుగా వస్తుందో ముందే చూపే సెట్టింగ్) ఆపెయ్. లేకపోతే వ్యూఫైండర్ నల్లగా ఉండి, ఎవరు ఎక్కడున్నారో నీకే కనిపించదు.

ఎల్ఈడీ తోరణాలతో ఇంకో జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. సైలెంట్ షటర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షటర్) వాడితే ఫోటో మీద అడ్డంగా చారలు పడతాయి. మెకానికల్ షటర్ పెట్టి, ఫ్లాష్ లేనప్పుడు 1/100 దగ్గర ఉండు.

*

అనంత ఫోకస్ (మూడు వారాల తర్వాత):

నిన్న పెన్నహోబిలంలో పెళ్లి తీశాను, లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర. ముహూర్తం 4 గంటల 50 నిమిషాలకు. ఎఫ్ 4, ఐఎస్ఓ 1600, 35 దగ్గర. వీడియో తమ్ముడికి ముందురోజే ఫోన్ చేశాను, ప్యానెల్‌ను ఎడమ పక్క నుంచి సన్నగా వేశాడు. ఐ ఏఎఫ్ తీసేసి చిన్న పాయింట్‌ను బాసికం అంచు మీద పెట్టాను. జీలకర్ర బెల్లానికి 16 ఫ్రేములు కొడితే ఒక్కటే పోయింది, అదీ ఎవరో మోచెయ్యి అడ్డం పెట్టినందుకు.

ఒక ఫ్రేమ్‌లో పెళ్లికొడుకు వేళ్ల సందుల్లో బెల్లం కరిగి మెరుస్తోంది. అందులో జీలకర్ర గింజ మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. బాడీ కోసం అనుకున్న అప్పు మానేశాను, 35 ఎఫ్ 1.8 ఒకటి చూస్తున్నాను.

తాడిపత్రి రోడ్డు పెళ్లి అవ్వ దగ్గరికి కూడా పోయిన ఆదివారం వెళ్లాను. మనవరాలూ ఆమె భర్తా ఇంటికొచ్చి ఉన్నారు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముగ్గురి చేతులూ ఒకదాని మీద ఒకటి వేయించి తీశాను. ఫ్రేమ్ కట్టించడానికి ఇచ్చాను, గురువారం తీసుకెళ్లి ఇస్తాను.