పల్లెల్లో మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే చిన్న సంస్థకు శిక్షణ, నిధులు ఎక్కడ దొరుకుతాయి?

అడిగినవారు: సొసైటీ కార్యదర్శి, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. మేం ఐదుగురు మహిళలం కలిసి 2021లో ఒక సొసైటీ రిజిస్టర్ చేయించుకున్నాం. మొదట్లో పొదుపు సంఘాల పుస్తకాలు రాసిపెట్టడం, పింఛను దరఖాస్తులు నింపడం, అదే మా పని. ఇళ్లకు తిరుగుతున్నకొద్దీ మరో సంగతి కళ్లబడింది. ప్రతి ఊళ్లోనూ ఇద్దరో ముగ్గురో గడప దాటనివాళ్లు ఉన్నారు. అడిగితే "గాలి సోకింది" అంటారు, లేదంటే మాట మార్చేస్తారు. ఇప్పుడు పదకొండు ఊళ్లలో నలభై మూడు కుటుంబాలకు వెళ్లివస్తున్నాం. ఖర్చంతా మా చేతిదే.

పోయిన నెల ఒక ఇంటికి వెళ్లాను. ఇరవై నాలుగేళ్ల అబ్బాయి, ఐటీఐ మధ్యలో మానేశాడు. నేను వెళ్లేసరికి తల్లి పొయ్యి దగ్గర కూర్చుని రెండు చెంచాల మధ్య మాత్రను నలిపి, ఆ పొడిని రాగి సంగటి ముద్దలో పెడుతోంది. నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుంది. "చెప్పి ఇస్తే ఉమ్మేస్తాడమ్మా" అంది. బెంగళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రిలో రాసిచ్చిన మందులవి. మళ్లీ అంత దూరం వెళ్లాలంటే ఇద్దరికీ రెండు రోజుల కూలి పోతుంది, దారి ఖర్చులు వేరే. అందుకని రోజూ వేయాల్సిన మాత్రను రోజు విడిచి రోజు వేస్తోంది. అది తప్పని తెలుసు, కానీ ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. మా ఐదుగురిలో ఎవరికీ ఈ విషయంలో శిక్షణ లేదు.

మాలాంటివాళ్లకు శిక్షణ ఎవరిస్తారు? నెలకు ఒక ఆటో ఖర్చు, ఇద్దరు కార్యకర్తల గౌరవ వేతనం వచ్చినా చాలు, ఆ డబ్బు ఎక్కడ అడగాలి? పట్నం నుంచి ఒకాయన ఫోన్ చేసి ముప్పై వేలు కడితే కేంద్రం నుంచి గ్రాంటు తెప్పిస్తానంటున్నాడు. కట్టమంటారా?

జవాబు: ఆడిటర్, గుంటూరు

కట్టకండి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుకు ముందుగా కావాల్సింది నీతి ఆయోగ్ వారి ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు, దానికి రుసుము లేదు. పాన్ కార్డు, రిజిస్ట్రేషన్ పత్రం, కార్యవర్గ సభ్యుల వివరాలు దగ్గర పెట్టుకుంటే ఒక మధ్యాహ్నం పని. ఆ తర్వాత ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (విరాళం ఇచ్చినవారికి పన్ను మినహాయింపు) నమోదులు. ఈ రెండూ ఉండి, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపగలిగితే కంపెనీల సామాజిక బాధ్యత నిధులకు సీఎస్‌ఆర్-1 ఫారం వేయవచ్చు. మీకు మూడేళ్లు దాటాయి కాబట్టి ఆ దారి తెరిచే ఉంది.

విదేశీ విరాళాల మాట ఇప్పుడే వద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్‌కు గడిచిన మూడేళ్లలో కనీసం 15 లక్షలు సేవా కార్యక్రమాల మీద ఖర్చు చూపాలి. పైగా 2020 సవరణ తర్వాత అలా వచ్చిన డబ్బును ఒక సంస్థ మరో సంస్థకు పంచడానికి వీల్లేదు. "మా పెద్ద సంస్థ ద్వారా మీకు ఫారిన్ ఫండ్ ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఈరోజు నుంచే ఆటో ఖర్చుకు కూడా వోచరు రాసి సంతకం పెట్టించండి. సొంత డబ్బు పెట్టినా సరే, సంస్థకు విరాళంగా జమ చూపి ఖర్చు రాయండి. లేకపోతే నాలుగేళ్ల మీ కష్టం కాగితం మీద సున్నా.

జవాబు: విశ్రాంత సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మెదక్

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ చెంచాలు, ఆ సంగటి ముద్ద నేనూ చాలా ఇళ్లలో చూశాను. ముందు ఆ తల్లి సంగతి.

ఆమెను మందలించకండి. దాచకుండా చెప్పే ధైర్యం మీ దగ్గర వచ్చిందంటే మీ మీద నమ్మకం కుదిరినట్టే. రోజు విడిచి రోజు వేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉందని మెల్లగా చెప్పండి. మోతాదు మీరూ మార్చవద్దు, ఆమెనూ మార్చనివ్వవద్దు. మాత్ర మింగనివాళ్లకు కొన్ని జబ్బుల్లో నెలకొకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆ అబ్బాయికి పనికొస్తాయో లేదో డాక్టరును అడగమనండి. ఇవాళే 14416కు ఫోన్ చేయించండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక మందులు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చదవండి. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక జబ్బుల మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) మొదలుకొని పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా, ఎప్పుడూ అందుబాటులో ఉంచాలని అందులో రాసి ఉంది. నేను పనిచేసిన రోజుల్లో ఈ చట్టం లేదు, చేతులు కట్టుకుని అడిగేవాళ్లం. మీకు ఆ అవసరం లేదు. ఆ అబ్బాయి మందు చీటీ నకలు జతచేసి సీహెచ్‌సీ సూపరింటెండెంటుకు దరఖాస్తు ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. మందు లేదంటే ఆ మాట కాగితం మీదే అడగండి. ఆ కాగితంతో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అధికారిని కలవండి. ఈ కార్యక్రమానికి నమూనా పుట్టింది మీ పక్క బళ్లారిలోనే, 1980లలో నిమ్హాన్స్ వాళ్లు చేసి చూపించారు. 1996లో దేశంలో మొదలైనప్పుడు తొలి జిల్లాల్లో మా మెదక్ ఒకటి.

మరొకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు ఆ అబ్బాయిని తీసుకెళ్లండి. సర్టిఫికెట్ వచ్చి అర్హత తేలితే మీ రాష్ట్రంలో నెలకు 6,000 పింఛను. మీకు గ్రాంటు రావడానికి ఏడాది పట్టవచ్చు, ఈ డబ్బు ముందే ఆ ఇంటికి చేరుతుంది. నలభై మూడు కుటుంబాల్లో ఎందరికి ఈ సర్టిఫికెట్ ఉందో లెక్క తీయండి.

శిక్షణకు నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ ఉంది. అక్కడి కోర్సుల్లో చాలావరకు డాక్టర్లు, నర్సులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్ల కోసం. మీలో ఎవరికైనా ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఉంటే దరఖాస్తు చేయించండి. చదువు తక్కువైనవాళ్లకు పనిచేస్తున్న చోటికి వెళ్లి చూడటమే మంచి బడి అని నా అనుభవం. లివ్ లవ్ లాఫ్ సంస్థ పల్లెల పని 2016లో దావణగెరెలో మొదలైంది, మీకు మరీ దూరం కాదు. గుజరాత్ మెహసాణాలో ఆత్మీయత అనే కార్యక్రమం ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి పొరుగువారి కష్టం వినేలా చేసింది. మన పశ్చిమ గోదావరిలోనూ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపించారు. ఉత్తరం రాసి, రెండు రోజులు వచ్చి చూస్తామని అడగండి.

డబ్బు విషయానికొస్తే, ముంబైలోని మారివాలా హెల్త్ ఇనిషియేటివ్ మానసిక ఆరోగ్యానికే నిధులిస్తుంది. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ గ్రాంట్లు కూడా చూడండి. కేంద్రం ఇచ్చే దీన్‌దయాళ్ వికలాంగుల పునరావాస పథకంలో, జబ్బు నయమై కుదుటపడినవాళ్లు ఉండే కేంద్రాలకు గ్రాంటు ఉంది. కానీ దానికి భవనం, సిబ్బంది కావాలి, మీ స్థాయికి ఇప్పుడది బరువు. మీ గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి కదా, ముందు ఆ కంపెనీల వాళ్లను కలవండి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటుంది. పెద్ద ప్రాజెక్టు రాయకండి. ఒక ఆటో, ఇద్దరు మనుషులు, నలభై మూడు కుటుంబాలు, పన్నెండు నెలలు. ఒక్క పేజీ చాలు. కుటుంబాల పేర్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఫొటోలు అసలే వద్దు.

జవాబు: సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), ప్రకాశం జిల్లా

పైన పెద్దాయన చెప్పినదానికి ఒక చిన్న మాట. మీ ఊళ్లలోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో నాలాంటి సీహెచ్‌ఓ ఉంటారు. మానసిక జబ్బులను గుర్తించడం మా పనుల్లో ఒకటి, దాని మీద మాకు కొంత శిక్షణ ఉంటుంది. నిజం చెప్పాలంటే బీపీ, షుగర్ రిజిస్టర్లతోనే రోజు గడిచిపోతుంది. మీరు వచ్చి ఫలానా ఇంట్లో ఒకరున్నారు అంటే నేనైతే ఆ వారమే వెళ్తాను. ఆశా, ఏఎన్‌ఎం, మీరు నెలకొకసారి ఒకచోట కూర్చుంటే సగం పని జరుగుతుంది.

అడిగినవారు

అందరికీ చేతులెత్తి నమస్కారం. ముప్పై వేలు కట్టలేదు. దర్పణ్‌లో నమోదుకు కాగితాలు సిద్ధం చేశాం. లెక్క తీస్తే నలభై మూడు కుటుంబాల్లో సదరం సర్టిఫికెట్ ఉన్నది ఆరింటికే. మాకే సిగ్గనిపించింది, నాలుగేళ్లుగా ఆ ఇళ్లలోనే పింఛను దరఖాస్తులు నింపుతున్నాం.

నిన్న ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను. 14416కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. తల్లి మాట్లాడుతుంటే ఆ అబ్బాయి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి తనే ఫోన్ తీసుకుని, ఆ మాత్ర వేసుకుంటే పగలంతా నిద్ర ముంచుకొస్తోందని చెప్పాడు. సంగటిలో కలుపుతున్న సంగతి అతనికి ఎప్పుడో తెలుసట. సోమవారం సీహెచ్‌సీకి దరఖాస్తు ఇస్తున్నాం, తనూ వస్తానన్నాడు.