కుక్కర్లో ఉడికిన క్యాబేజీలో ఇంకేమైనా మిగులుతుందా?

సందేహాల_పుట్ట:
అందరికీ నమస్తే. మా ఇంట్లో క్యాబేజీ అంటే పెసరపప్పు వేసి కుక్కర్లో మూడు విజిల్స్, ఆపైన పోపు, అంతే. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ లాంటివి ఉడికిస్తే అందులో అసలు పనికొచ్చే ఎంజైమ్ చచ్చిపోతుంది, పచ్చిగానే తినాలి అని మొన్నెక్కడో చదివాను. సరే అని వారం రోజులు పచ్చి తురుము తింటే పొట్ట డోలులా ఉబ్బింది, ఆఫీసులో నలుగురి మధ్య కూర్చోవాలంటే టెన్షన్. అమ్మేమో "పచ్చివి మేకలు తింటాయిరా" అంటోంది. ఇంకోచోట చూస్తే పేగుల్లో బ్యాక్టీరియానే ఆ పని చేసిపెడుతుందని ఉంది. ఏది నిజం? పోయిన నెలే పన్ను నొప్పికి యాంటీబయాటిక్స్ వాడాను, దానికీ దీనికీ సంబంధం ఉందా?

ల్యాబ్_మేట్:
రెండూ నిజమేనండి. ఈ కూరల్లో గంధకం ఉన్న గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలుంటాయి. అవి ఊరికే ఉంటే ఘాటూ ఉండదు, పెద్దగా పనీ చేయవు. వాటిని విడగొట్టే మైరోసినేజ్ అనే ఎంజైమ్ అదే ఆకులో వేరే కణాల్లో దాక్కుని ఉంటుంది, మనం తరిగినప్పుడో నమిలినప్పుడో రెండూ కలిసి ఐసోథయోసైనేట్లు పుడతాయి. ఆవాల ఘాటు, ముల్లంగి ఘాటు అవే. బ్రోకలీలో పుట్టేదాన్ని సల్ఫోరాఫేన్ అంటారు, 1992లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు విడదీసి చూపించాక ఇది క్యాన్సర్‌ని అడ్డుకుంటుందేమోనని ఇంత గోల మొదలైంది.

మూడు విజిల్స్‌కి ఆ ఎంజైమ్ పోతుంది. కానీ గ్లూకోసినోలేట్లన్నీ పోవు, కొన్ని నీళ్లలోకి దిగుతాయి (అందుకే ఆ నీళ్లు పారబోయకండి), మిగతావి పెద్దపేగు దాకా వెళ్తాయి. అక్కడి బ్యాక్టీరియాకి వాటి మీద ఉన్న గ్లూకోజ్ కావాలి, దాన్ని కత్తిరించి తీసుకుంటే మిగిలిన ముక్క ఐసోథయోసైనేట్‌గా మారుతుంది. అంటే మన మీద ప్రేమతో చేసేదేం కాదు. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బాక్టీరాయిడిస్ థీటాయోటావోమైక్రాన్ అనే బ్యాక్టీరియాలో ఈ పనికి కావాల్సిన జీన్లు పక్కపక్కనే వరసగా ఉన్నాయని కనిపెట్టారు. ఆ పని చేతకాని దాని చుట్టం ఒకదానిలో ఆ జీన్లు పెడితే అదీ నేర్చేసుకుంది!

మరి ఎంజైమ్‌తో సమానంగా చేస్తాయా అంటే లేదు. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో పచ్చి బ్రోకలీ తిన్నవాళ్ల మూత్రంలో తిన్న గ్లూకోసినోలేట్లలో 32 శాతం దాకా ఐసోథయోసైనేట్ల రూపంలో బయటికొస్తే, ఆవిరి మీద ఉడికించినది తిన్నవాళ్లలో 10 శాతమే. అదీ మనిషికీ మనిషికీ చాలా తేడా. ఇక మీ మాత్రల సంగతి: 1998లో కొందరికి పేగులు కడిగించి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు, ఈ మార్పిడి దాదాపు ఆగిపోయింది. మీరు పేగులేమీ కడిగించుకోలేదు కాబట్టి అంత ఉండదు. క్యాన్సర్ మాటకొస్తే, జంతువుల్లో ఆశ పుట్టించే ఫలితాలున్నాయి, అంతమాత్రాన క్యాబేజీ కూరని మందు అనకండి.

కాకినాడ_కోడలు:
ఇంత కష్టపడటం ఎందుకండీ, ఆవ పెట్టండి! మా అత్తగారు క్యాబేజీకైనా అరటికాయకైనా ఆవాలు, ఎండుమిర్చి నానబెట్టి నూరి, కూర దించి కాస్త చల్లారాకే కలుపుతారు. పొయ్యి మీద ఉండగా వేస్తే ఘాటు పోయి చేదొస్తుందని తిడతారు కూడా.

ల్యాబ్_మేట్:
అమ్మా, మీ అత్తగారికి నా దండం. సరిగ్గా ఇదే. పచ్చి ఆవపిండిలో మైరోసినేజ్ బతికే ఉంటుంది, కూర వేడికి చావకుండా కలిపితే ఉడికిన కూరలో మిగిలినదాన్ని అది విడగొడుతుంది. ఇంగ్లండ్‌లో రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉడికిన బ్రోకలీ మీద ఒక గ్రాము ఆవపొడి చల్లి పెడితే ఒంటికి అందే సల్ఫోరాఫేన్ నాలుగు రెట్లు పైనే పెరిగింది (2018). పోపులో చిటపటలాడిన ఆవాలు మాత్రం రుచికే, వాటి ఎంజైమ్ నూనెలోనే పోయింది.

పాడి_రైతు:
గ్యాస్ గురించి ఎవరూ చెప్పలేదు. అది ఈ గ్లూకోసినోలేట్ల వల్ల కాదు, ఎక్కువగా రాఫినోజ్ లాంటి చక్కెరల వల్ల. వాటిని అరిగించే ఎంజైమ్ మనకు లేదు, బ్యాక్టీరియా పులియబెడుతుంది. వాసనకి కారణం వేరే గంధకం పదార్థాలు. వాటిలో ఒకదాన్ని పశువు పొట్టలోని బ్యాక్టీరియా ఎర్ర రక్తకణాలను పగలగొట్టే విషంగా మారుస్తుంది. బ్రిటన్‌లో కేల్ అనే క్యాబేజీ జాతి ఆకు ఎక్కువగా మేసిన ఆవులకు రక్తహీనత వచ్చేది, స్కాట్లాండ్‌లో రోవెట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1970ల్లో కారణం పట్టుకున్నారు. మార్కెట్లో మిగిలిన క్యాబేజీ ఆకు ఊరికే వస్తోందని గేదెలకి రోజూ అదే వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి. మనం తినే రెండు గరిటెలకి భయం లేదు.

సందేహాల_పుట్ట:
అందరికీ థాంక్స్. పచ్చి తురుము మానేశాను. ఆవ పెట్టడం తెలుసా అని అమ్మని అడిగితే "మీ నానమ్మ పెట్టేది, నువ్వే ముక్కు మూసుకుని లేచిపోయేవాడివి" అంది. కోడలు గారూ, చిన్న ఆవాలా, పెద్దవా?

కాకినాడ_కోడలు:
చిన్నవే. పావుకిలో కూరకి ఒక చెంచా చాలు, మొదటిసారి అరచెంచాతో మొదలెట్టండి, లేకపోతే మళ్లీ లేచిపోతారు.