నాకు పని నేర్పిన పెద్దాయన ఇప్పుడు నా షిఫ్టులో ఉన్నారు. ఆయన పొరపాటును ఎలా సరిదిద్దాలి?

ప్రశ్న: షిఫ్ట్ ఇన్‌చార్జి, పరవాడ

నేను పరవాడలోని ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాలు తయారుచేసే) కంపెనీలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. రెండు నెలల క్రితం నన్ను షిఫ్ట్ ఇన్‌చార్జిని చేశారు. నా షిఫ్టులోని పదకొండు మందిలో ఒకరు, నేను చేరిన కొత్తలో రియాక్టర్ (రసాయన చర్య జరిపించే పెద్ద పాత్ర) దగ్గర నిలబెట్టి ఒక్కొక్క వాల్వు చూపిస్తూ పని నేర్పిన పెద్దాయన. ఆయనను ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తాను. పోయిన వారం సి షిఫ్టులో ఆయన బ్యాచ్ రికార్డు చూస్తే, అరగంటకొకసారి రాయవలసిన ఉష్ణోగ్రతలు రాత్రి 2 నుంచి 4:30 వరకు అన్నీ 66 డిగ్రీలుగా, ఒకేసారి కూర్చుని రాసినట్టు కనిపించాయి. 2:30కి నేను అటు వెళ్లినప్పుడు ఆయన పక్క రియాక్టర్‌లో ఛార్జింగ్ చేస్తున్నారని (ముడిసరుకు వేస్తున్నారని) నాకు బాగా గుర్తుంది. అక్కడే అందరి ముందు అడిగితే, ‘ఆ రియాక్టర్ సంగతి నాకు నువ్వు చెప్పాలా?’ అన్నారు. విషయం క్యూఏకు (నాణ్యత చూసే విభాగానికి) ఉదయమే తెలియజేశాను. ఇప్పుడు మెమో నన్నే రాయమని మేనేజరు అంటున్నారు. ఆయన గౌరవం చెడకుండా, అలాగని మిగిలినవారికి ‘అయినవాళ్లకొక న్యాయం’ అనిపించకుండా ఎలా నడుచుకోవాలి?

జవాబు 1: ప్రొడక్షన్ విభాగంలో పనిచేసి రిటైరైనవారు

క్యూఏకు వెంటనే చెప్పడం సరైన పని. ఆ విషయంలో మనసులో ఏ బరువూ పెట్టుకోకండి, ఎందుకంటే ఆ మందు వేసుకునేవారికి మీ బాబాయ్ ఎవరో తెలియదు. పని జరిగినప్పుడే నమోదు చేయాలన్నది ఫార్మా రికార్డులకు ప్రాణం వంటి నియమం. పైగా వేడి పుట్టించే రియాక్షన్ అయితే, చూడకుండా రాసిన అంకె పక్కనే నిలబడినవారి ప్రాణానికే ముప్పు.

మీ వైపు జరిగిన లోపం ఒకటే, అందరి ముందు అడగడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీలలో అనుభవం లేని సూపర్‌వైజర్లు ఒక్కసారిగా పెరిగినప్పుడు, 1940లో మొదలైన టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అనే శిక్షణలో మనుషులతో వ్యవహరించడానికి నాలుగు మెట్లు నేర్పేవారు: ముందు నిజానిజాలు సేకరించాలి, తూచి నిర్ణయించాలి, చర్య తీసుకోవాలి, ఆ తరువాత ఫలితం ఏమైందో చూడాలి. యుద్ధం ముగిశాక జపాన్ పరిశ్రమలు ఆ శిక్షణను అందిపుచ్చుకున్నాయి. నా అనుభవంలో మనవాళ్లు ఎక్కువగా మొదటి మెట్టు దాటేసి నేరుగా మూడోదానిపై కాలు పెడతారు. మీ ప్రశ్నలోనే ఒక నిజం దాగి ఉంది: ఆ సమయంలో ఆయన పక్క రియాక్టర్ దగ్గర ఉన్నారు. ఆయనను అక్కడికి ఎవరు పంపారు? ఆ రాత్రి ఎంతమంది సెలవులో ఉన్నారు? ఒకే మనిషికి ఒకే వేళ రెండు రియాక్టర్లు అప్పగించి ఉంటే, ఆ రికార్డులో మీ పని కేటాయింపు లోపం కూడా ఉన్నట్టే. మెమో రాయడానికి ముందు ఆ సంగతి తేల్చుకోండి.

మాట్లాడేటప్పుడు షిఫ్టు మొదలుకాక ముందే, విడిగా, కూర్చోబెట్టి మాట్లాడండి. ‘మీరు నిర్లక్ష్యం చేశారు’ అనకుండా, ‘2:30కి మీరు పక్క రియాక్టర్ దగ్గర ఉన్నారు, కానీ రికార్డులో రీడింగ్ ఉంది, అది ఎలా వచ్చింది?’ అని అడిగి, ఆయన జవాబు చెప్పేదాకా ఓపిక పట్టండి. ఆ మౌనాన్ని భరించడమే ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని.

జవాబు 2: హెచ్‌ఆర్ ఉద్యోగిని, హైదరాబాద్

మెమోకు భయపడకండి, కానీ దానిని తీర్పులా రాయకండి. తేదీ, సమయం, మీరు చూసినది మాత్రమే రాసి, సంజాయిషీకి తగిన గడువు ఇవ్వాలి. అవతలివారి మాట వినకుండా శిక్షించకూడదన్నది సహజ న్యాయం. మీరు స్వయంగా చూసిన సాక్షి కాబట్టి, విచారణ మీ చేతిలో ఉండకూడదని మేనేజరుకు రాతపూర్వకంగా చెప్పండి. బాబాయ్ అనే పిలుపు మానవలసిన అవసరం లేదు. ఉన్నట్టుండి ‘గారు’ అని మొదలుపెడితే అదే ఆయనకు ఎక్కువగా గుచ్చుకుంటుంది.

జవాబు 3: ఆపరేటర్, పాశమైలారం

నేను పంతొమ్మిదేళ్లుగా రియాక్టర్ మీదే ఉన్నాను. గడి ఖాళీగా వదిలితే తిట్లు, నింపితే ఏ ప్రశ్నా ఉండదు అన్న షిఫ్టులో మంచివాడు కూడా గడి నింపడమే నేర్చుకుంటాడు. ‘రీడింగ్ తీసుకోలేకపోయాను’ అని మొదట రాసిన మనిషితో మీరు ఎలా మాట్లాడతారో మిగిలిన పది మందీ కనిపెట్టి చూస్తారు. ఇకపై మీ షిఫ్టులో ఎవరు ఏమి రాస్తారన్నది ఆ రోజే తేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత

అందరికీ ధన్యవాదాలు. ఆయనను విడిగా కలిసి, నలుగురిలో అడిగినందుకు ముందుగా క్షమించమన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ఆ రాత్రి ఒక హెల్పర్ రాకపోవడంతో రెండు రియాక్టర్లూ తానే చూశానని, ఇంకొక మనిషి కావాలని నన్ను అడగడానికి మనసు ఒప్పలేదని చెప్పారు. ఆ హెల్పర్ రాలేదని నాకు తెలిసి కూడా వేరే మనిషిని పెట్టలేదు. ఆ మాట నా నివేదికలో రాశాను. మెమో మాత్రం ఆగలేదు, విచారణ ఇంకా నడుస్తోంది, బ్యాచ్ క్యూఏ దగ్గర నిలిచి ఉంది. ఒక రియాక్టర్ హోల్డింగ్‌లో (ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలిపి) ఉండగా అక్కడి మనిషిని వేరే ఛార్జింగ్‌కు పంపకూడదని మా షిఫ్టు వరకు నియమం పెట్టుకున్నాను. అందువల్ల రెండుసార్లు ఛార్జింగ్ ఆలస్యమైంది, మేనేజరుకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. బాబాయ్ ఇప్పటికీ నాతో పాటు టీకి రావడం లేదు. మొన్న రాత్రి మాత్రం ఆయన రికార్డులో 3:30 గడి ఖాళీగా ఉంది. పక్కన ‘పంపు లీకు చూడటానికి వెళ్లాను, రీడింగ్ తీసుకోలేదు’ అని రాసి, సంతకం పెట్టి, 3:50కి తానే నాకు ఫోన్ చేశారు.