చీజ్ మానేశాక మళ్లీ చీజ్ లాంటిది ఎందుకు?

టవర్‌క్లాక్ పక్కింటమ్మాయి (అనంతపురం):
పాలు, పెరుగు, నెయ్యి మానేసి నాలుగు నెలలైంది. మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఎనుము (గేదె) ఈనితే మగ దూడ పుట్టింది. దానికి చుక్క వదలకుండా పాలు పిండుకున్నారు, పది రోజులకు దూడ పోయింది. అది చూశాక పాలు నోట్లో పెట్టబుద్ధి కాలేదు. టీ కష్టం కాలేదు. పెరుగుకు కూడా దారి దొరికింది: బుడ్డల (వేరుశనగ) పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి పెడితే తోడుకుంటోంది. చీజ్ దగ్గరే ఆగిపోయాను. ఉగ్గాని బజ్జీ లాగా చిన్నప్పటి రుచి కూడా కాదది, బెంగళూరులో ఆరేళ్లు ఉద్యోగం చేస్తూ అంటించుకున్న అలవాటు. అయినా వదలడం లేదు.

ఇప్పటికి మూడు రకాలు చూశాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన స్లైసులు ఏప్రిల్ ఎండకు ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా వచ్చాయి. రొట్టె మీద కరిగాయి గానీ, తిన్నాక అంగిలికి కొబ్బరినూనె పూసినట్టు ఉంది. రెండోది, జీడిపప్పు నానబెట్టి నిమ్మరసం, ఉప్పు, వెల్లుల్లి, చీజ్ లాంటి రుచి కోసం వాడే న్యూట్రిషనల్ ఈస్ట్ పొడి వేసి రుబ్బాను. రుచి బ్రహ్మాండం, కానీ అది చట్నీ. మూడోది బుడ్డల పాలలో చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్) వేసి గడ్డ కట్టించాను. కత్తితో కోస్తే ముక్కలు చక్కగా వచ్చాయి. పెనం మీద పెడితే చాలాసేపు కదల్లేదు, కదిలాక నీళ్లయిపోయింది.

ఈ వెతుకులాట కొనసాగించాలా, లేక చీజ్ సంగతే మరిచిపోవాలా? వీగన్ ఎందుకయ్యావని అడగొద్దు, అది తేలిపోయిన విషయం.

ఉగ్గాని రాజా:
మరిచిపో అక్కా. వద్దనుకున్నదాన్ని వేషం మార్చి మళ్లీ ఇంట్లోకి పిలవడం ఎందుకు? జొన్న రొట్టెలోకి ఊరిమిండి ఉంది, నువ్వుల పొడి ఉంది, గుత్తి వంకాయ ఉంది. వీటిలో పాలచుక్క లేదు, ఎవరూ నకిలీ అనరు. సగం రాయలసీమ వంట తెలియకుండానే వీగన్. నువ్వేమో లేని చీజ్ కోసం జీడిపప్పు రుబ్బుతున్నావు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ఫుడ్ టెక్నాలజీ చదివినవాణ్ణి, కాస్త ఓపిగ్గా చదవండి.

ఆవు పాల ప్రోటీనులో దాదాపు 80 శాతం కేసిన్. రెన్నెట్ (పాలను విరగ్గొట్టే ఎంజైమ్) వేస్తే ఆ కేసిన్ కాల్షియంతో కలిసి వల అల్లుకుంటుంది, కొవ్వూ నీళ్లూ ఆ వలలో చిక్కుకుంటాయి. వేడి తగిలితే వల సడలుతుంది, అందుకే చీజ్ సాగుతుంది. పనీరు కూడా పాలదే కదా, ఎందుకు సాగదు? నిమ్మరసం పులుపుకు ఆ కాల్షియం బయటికి పోతుంది కాబట్టి. ఇక గింజల్లో కేసినే లేదు. అందుకే కంపెనీలు సాగడానికి స్టార్చ్, కరగడానికి కొబ్బరినూనె వేస్తాయి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీలకే కరుగుతుంది. అనంతపురం ఏప్రిల్‌లో మీ స్లైసులు అతుక్కోకపోతేనే వింత. చైనా గ్రాస్ గడ్డ 85 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కరిగితే ఒక్కసారిగా నీరే. మీ పెనం మీద జరిగింది అదే.

ఇంకో రెండు మాటలు. నూనె, స్టార్చ్ స్లైసుల్లో ప్రోటీన్ దాదాపు సున్నా, చీజ్‌కు బదులు తింటున్నామని బలం లెక్క వేసుకోవద్దు. బి12 విటమిన్ కోసం డాక్టర్‌ను అడిగి మాత్ర వేసుకోండి, గింజల్లో అది ఉండదు.

ఉగ్గాని రాజా:
బురుజన్నా, మా వీధి చివర బండి మీద పిజ్జాకు అనలాగ్ చీజ్ వాడతాం అన్నారు. అక్కకు అది సరిపోతుంది కదా?

కొండారెడ్డి బురుజు:
సరిపోదు! అందరూ ఇక్కడే పొరబడతారు. అనలాగ్ అంటే పాల కొవ్వు బదులు పామాయిల్ లాంటివి వాడినది. పాల పొడి, కేసినేట్ (పాల కేసిన్ నుంచే చేసేది) అందులో ఉండొచ్చు. కొన్ని నాన్ డైరీ క్రీమర్ల మీద కూడా సోడియం కేసినేట్ అని కనిపిస్తుంది. ప్యాకెట్ వెనక చదవండి. 2022లో వచ్చిన వీగన్ ఫుడ్స్ నిబంధనల ప్రకారం వీగన్ గుర్తు వేరే ఉంది, వి అక్షరం మీద చిన్న మొక్క. శాకాహారానికి వేసే ఆకుపచ్చ చుక్క ఉంటే చాలదు, అది పాలకోవా మీదా ఉంటుంది.

కళ్యాణదుర్గం కట్టెమోపు:
మాది సేద్యం. రెండు ఎనుములున్నాయి. కొంచెం ఘాటుగా రాస్తాను, ఏమనుకోవద్దమ్మా.

మాకు వాన మీద నమ్మకం లేదు. బుడ్డలు వేస్తే కాయ పట్టని సంవత్సరాలే ఎక్కువ. కాయ పోయినా కట్టె (ఎండిన బుడ్డల చెట్టు) మిగులుతుంది, ఆ కట్టె ఎనుములు తింటాయి, పదిహేను రోజులకోసారి పాల డబ్బు వస్తుంది. అది మా అమ్మ చేతికి వస్తుంది, అప్పులాయన చేతికి కాదు. మీరు పాలు మానేసి ఎక్కడి నుంచో వచ్చే జీడిపప్పు, మలేషియా పామాయిల్ కలిపిన స్లైసులు ఐదు వందలు పెట్టి కొంటే మా ఊరికి ఏమొచ్చింది? మగ దూడ సంగతి మాత్రం నిజం, దాచను. దున్నడానికి ట్రాక్టర్ వచ్చాక దాన్ని మేపేవాడు లేడు. మా ఇంట్లో ఒక చన్ను దూడకు వదులుతాం, అందరూ వదలరు.

టవర్‌క్లాక్ పక్కింటమ్మాయి:
అన్నా, ఘాటు నాకు పడుతుంది, అనంతపురం దాన్నే. దూడ సంగతి ఒప్పుకున్నందుకు సంతోషం. మీ అమ్మగారి పాల డబ్బుకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఒక్క మాట: నేను బెంగళూరులో తిన్న చీజ్ డబ్బులు కళ్యాణదుర్గం వచ్చి ఉంటాయని అనుకోను. ఇప్పుడు నేను కొనే బుడ్డలు మాత్రం మన మార్కెట్‌లోవే. స్లైసులు ఇక తెప్పించను, డబ్బు గురించీ, ఆ అంగిలి పూత గురించీ.

రాజా తమ్ముడూ, ఊరిమిండి నేనూ తింటాను. రోజూ చీజ్ కావాలని కాదు. ఆదివారం రాత్రి ఒక్కటి వేడిగా, సాగుతూ కావాలి. అంతే.

ఇద్దరు పిల్లల అమ్మ (కడప):
ఎందుకు, ఏమిటి అని మీరు తీరిగ్గా వాదించుకుంటున్నారు. మా చిన్నోడికి పాల ప్రోటీన్ పడదు. లాక్టోజ్ (పాలలోని చక్కెర) పడకపోవడం కాదు, అది వేరు. వీడికి ఒక ముక్క చీజ్ తగిలినా ఒళ్లంతా దద్దుర్లు. పక్కింటి పిల్లాడి పుట్టినరోజుకు అందరూ పిజ్జా తింటుంటే వీడు ఉత్త బ్రెడ్ పట్టుకుని కూర్చున్నాడు. వాడి ముందు నకిలీ, వేషం అని మాట్లాడగలరా రాజా గారూ?

నేను చేసేది రాస్తున్నా. అర కప్పు జీడిపప్పు వేడి నీళ్లలో నానబెట్టి, కప్పు నీళ్లతో మెత్తగా రుబ్బాలి. సగ్గుబియ్యం మిక్సీలో పొడి చేసి జల్లెడ పట్టి నాలుగు స్పూన్లు కలపాలి. సగ్గుబియ్యం కర్రపెండలం స్టార్చే కదా, బురుజు గారు చెప్పిన సాగుడు దాని వల్లే. ఉప్పు, నిమ్మరసం, వెల్లుల్లి వేసి సన్న సెగ మీద తిప్పుతూనే ఉండాలి. మొదట ఉండలు కడుతుంది, చెడిపోయిందని భయం వేస్తుంది, తిప్పడం ఆపొద్దు. ఐదారు నిమిషాలకు గరిటెకు తీగలా వస్తుంది. వేడి మీదే తినాలి, చల్లారితే రబ్బరు.

ఉగ్గాని రాజా:
తప్పయిపోయింది మేడం. పిల్లాడి విషయం తట్టలేదు. పెద్దవాళ్ల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా.

టవర్‌క్లాక్ పక్కింటమ్మాయి:
ఆదివారం చేశాను. జీడిపప్పు బదులు బుడ్డలు. ముందు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పచ్చివాసన చాలావరకు పోయింది, తొక్క తీసి రుబ్బాను. సగ్గుబియ్యం పొడి ఐదు స్పూన్లు పట్టింది. రంగు కాస్త మట్టిరంగు. కానీ సాగింది! జొన్న రొట్టె మీద పోసి, పైన ఉల్లిపాయ, ఎండుమిర్చి చల్లి మూత పెట్టాను. చీజ్ రుచి వచ్చిందంటే అబద్ధం, బుడ్డల రుచే. నేను రెండు రొట్టెలు తిన్నాను. మా అమ్మ ఒక ముక్క తిని "బాగుంది గానీ దీన్ని చీజ్ అనొద్దు, ఎవరైనా వింటే నవ్వుతారు" అంది. రాజా తమ్ముడి పార్టీలో ఇంకొకరు చేరారు.

కళ్యాణదుర్గం కట్టెమోపు:
పాల విషయంలో నా మాట మారదు. బుడ్డలు కావాలంటే చెప్పమ్మా, పోయినసారివి రెండు మూటలున్నాయి. కాయలే ఇస్తాను, ఒలుచుకునేది నీ పని.