వెనక ఇరుసు అరిగింది: కొత్తది వేయాలా, పాతదాన్నే బాగుచేయించవచ్చా?

నా దగ్గర 1994 నాటి డీజిల్ జీపు ఉంది. 40 కిలోమీటర్ల వేగం దాటితే వెనక ఎడమ చక్రం నుంచి గుయ్యిమని ఒకటే రొద. క్లచ్ తొక్కినా తగ్గదు. కుడికి తిప్పితే పెరుగుతుంది, ఎడమకు తిప్పితే సద్దుమణుగుతుంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లోపల టకటకమంది.

డ్రమ్ము విప్పి చూస్తే, సీలు దాటి వచ్చిన గేరు ఆయిలులో బ్రేకు లైనర్లు నానిపోయి ఉన్నాయి. బేరింగు రోలర్ల మీద అమ్మవారి మచ్చల్లా గుంటలు. బేరింగు సంగతి సరే, మార్చేస్తాను. అసలు బెంగ ఇరుసు గురించే. బేరింగు కూర్చునే చోట గోటికి తగిలేంత మెట్టు పడింది. ప్రెస్సుతో ఎక్కించాల్సిన కొత్త బేరింగు చేత్తోనే జారి కూర్చుంది!

మెకానిక్ అక్కడ పంచ్‌తో చుక్కలు కొట్టి బిగిస్తానంటున్నాడు. అది నాలుగు రోజుల ముచ్చటేనని నా అనుమానం. లేతు షాపాయన వెల్డింగుతో నింపి గ్రైండింగ్ చేస్తానంటున్నారు. ఆ వేడికి ఇరుసు పెళుసెక్కి విరిగితే ఈ బండిలో చక్రం కూడా ఊడి వస్తుంది, అదీ నా భయం. అలా చేయించి బరువుతో నడిపినవారు ఎవరైనా ఉన్నారా? కుడివైపు బేరింగు కూడా ఇప్పుడే మార్చాలా? ఇరుసు ఆటను సరిచేయడానికి పెట్టే పలుచటి రేకులు, అంటే షిమ్ములు, ఎన్ని వేయాలో ఎలా తేల్చుకోవాలి?