ఆకాశంలో వెలుగు కనిపించిందని జనం చెబితే సైన్యం ఎలా విచారిస్తుంది?

ప్రశ్న (పరకాల నుంచి)

పొద్దుగూకిన తర్వాత ఆకాశంలో కదలక మెదలక నిలిచిన తెల్లని వెలుగును మా చెరువు కట్ట మీద ఉన్నవాళ్లంతా చూశారు. నవ్విపోతారన్న భయంతో ఎవరూ అధికారులకు చెప్పలేదు. అమెరికా వైమానిక దళం ఇలాంటి సమాచారాన్ని ప్రజల నుంచి స్వీకరించి ఏళ్ల తరబడి విచారించిందని చదివాను. ఆ విచారణ ఎలా సాగిందో, సామాన్యుల మాటకు అందులో ఎంత విలువ దక్కిందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (హనుమకొండ)

మీరు చదివింది ప్రాజెక్ట్ బ్లూ బుక్ గురించి అయి ఉంటుంది. 1948లో ప్రాజెక్ట్ సైన్‌గా మొదలైన ఈ పని, మరుసటి ఏడాది గ్రడ్జ్‌గా మారి, 1952 నుంచి 1969 వరకు బ్లూ బుక్ పేరుతో ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో సాగింది. చూసినవారికి ఇచ్చే ప్రశ్నావళి శ్రద్ధగా తయారు చేసినదే. ఆకాశంలోని వస్తువు ఎంత దూరాన ఉందో తెలియనప్పుడు దాని అసలు పరిమాణం చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే చేయి చాచి పట్టుకున్న గుండుసూది తలంత కనిపించిందా, బఠానీ గింజంత కనిపించిందా, నాణెమంత కనిపించిందా అని అడిగేవారు. ఆ జవాబులను గ్రహాల స్థానాలతోనూ, బెలూన్లు, విమానాల రాకపోకలతోనూ సరిచూసేవారు. ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ ఇందులో సలహాదారు.

అయితే సైన్యానికి ప్రధానంగా కావలసింది దేశ భద్రతకు ముప్పు ఉందా లేదా అన్నదే. చూసినవారికి కావలసింది తాము చూసినదేమిటో తెలియడం. 1966లో మిషిగన్‌లో జనం చూసిన వెలుగులకు చిత్తడి నేలల్లో పుట్టే వాయువు కారణం కావచ్చని హైనెక్ చెప్పినప్పుడు స్థానికులు అవమానంగా భావించారు. అప్పటి ప్రతినిధుల సభ సభ్యుడు జెరాల్డ్ ఫోర్డ్ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ విచారణ జరపాలని పట్టుబట్టారు. ప్రజల మాట విని నమోదు చేసుకున్నంత ఓపికగా వారికి జవాబు చెప్పకపోవడమే ఆ వ్యవస్థలోని పెద్ద లోపమని నేను భావిస్తున్నాను.

జవాబు (కరీంనగర్)

పై మిత్రుని మాటకు ఒకటి చేర్చాలి. మొత్తం 12,618 నివేదికల్లో 701 ఏమిటో తేలకుండా మిగిలాయి. వివరాలు చాలక అవి తేలలేదని చాలామంది అనుకుంటారు గాని, వివరాలు చాలనివాటికి వేరే వర్గమే ఉండేది. పైగా వైమానిక దళం కోసం బాటెల్ అనే పరిశోధన సంస్థ గణాంకాలతో చేసిన విశ్లేషణ 1955లో వెలువడినప్పుడు, నాణ్యమైన నివేదికల్లోనే తేలనివాటి శాతం ఎక్కువగా ఉందని బయటపడింది. దీన్నిబట్టి అవి గ్రహాంతరవాసుల వాహనాలని ఎవరూ అనలేరు. అలాగని చూసినవారి అజ్ఞానమని కొట్టిపారేయడమూ న్యాయం కాదు.

జవాబు (కాజీపేట)

పరకాల మిత్రులు సంకోచించవలసిన పని లేదు. లదాఖ్ సరిహద్దులో మన సైనికులే ఇలాంటి వెలుగులను పదేపదే చూసి పైకి నివేదించారు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించి, అవి శుక్ర, గురు గ్రహాలని 2013లో తేల్చారు. మన ప్రాంతానికి సంబంధించి మరొక అవకాశమూ ఉంది. హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ కేంద్రం నుంచి వదిలే భారీ బెలూన్లు ముప్పై కిలోమీటర్లకు పైగా లేస్తాయి గనుక, నేల మీద చీకటి పడిన తర్వాత కూడా వాటి మీద ఎండ పడుతూ ఉంటుంది. మీరు చూసిన తేదీ, గడియారం సమయం, ఏ దిక్కున, చేయి చాచి కొలిస్తే దిగంతానికి ఎన్ని జానల ఎత్తులో ఉంది, అది క్రమంగా పడమటికి దిగిందా అన్నవి రాయండి. గ్రహమైతే ఆ రోజు దాని స్థానంతో సరిచూసి ఇక్కడే చెప్పగలం.